మా పేక పత్తాలాట గాదు

జర దగ్గరికి జరుగుండ్రి. ఇంకా జర. మా ఇంట్ల మగ్గం సప్పుడు ఎప్పటికి ఉంటది, దూరం కూసుంటే నా మాట సగం దాంట్లనే కలిసిపోతది. దూపయితే గా కుండల నీళ్లున్నయి, ముంచుకొని తాగుండ్రి. నేను షురూ చేసినంక మాత్రం నడుమల లేసి పోవద్దు.

నేను సదివింది మూడో తరగతి. అక్షరాలు కూడబలుక్కుంట రాస్త. కానీ నా యాది గట్టిది. ఎవరు ఏ మాట అన్నరో, అన్నప్పుడు వాళ్ల చేతుల ఏమున్నదో గూడ చెప్త. గందుకే గీ ముచ్చట నేనే రాయాలె అనుకున్న. వేరేటోళ్లు రాస్తే "ఏదో పొరపాటు జరిగింది, సరి చేసుకున్నరు" అని ఒక్క ముక్కల తేలుస్తరు. గట్ల తేలిపోయే ముచ్చట గాదిది.

మా ఊరు రామన్నపేటకు జర అవుతల ఉంటది. మా బజారంత మగ్గాలే. తెలంగాణ వచ్చినంక కొన్నేండ్లకు, మా మనుమరాలు ఎనిమిదో తరగతిల ఉన్నప్పుడు, రోడ్డు మీది ఆడపిల్లల సర్కారు బడికి, పట్నంల ఉన్న ఒక రేడియోకు ఒప్పందమైంది. ప్రతి శనివారం రేడియో నుంచి ఒక మేడం బడికొస్తది. పిల్లలకు మాట్లాడుడు, రికార్డు చేసుడు నేర్పిస్తది. పిల్లలు తయారు చేసింది ఆదివారం పొద్దుగాల రేడియోల వస్తది. గిదీ ఒప్పందం.

బడి పెద్ద మేడం తల్లిదండ్రులను పిలిచి మీటింగు పెట్టింది. ఆమె కొత్తగా వేరే జిల్లా నుంచి బదిలీ మీద వచ్చింది. మంచి మనిషి, పిల్లలంటే పానం. గీ ఒప్పందంతోని పిల్లలకు ధైర్యం వస్తది, నలుగురిల మాట్లాడుతరు, ఉచ్చారణ బాగుపడతది అని చెప్పింది. నేను ముందట్నే కూసున్న. లేసి అడిగిన.

"మేడం, ఉచ్చారణ అంటే ఏంది?"

"మాట పలికే తీరు అమ్మా."

"మా మాట పలికే తీరు బాగలేకనే, ఈ గోడ కాడ నిలబడి పిలిస్తే ఆ బజారు చివర ఉన్న కోడలు 'ఆ అత్తా' అని పలుకుతదా?"

అందరు నవ్విండ్రు. పెద్ద మేడం గూడ నవ్వింది. నేను మాత్రం నవ్వుకు అనలే.

ఎందుకంటే మగ్గం నేసేటోళ్లకు రేడియో కొత్తదేం గాదు. మా చేతులు పనిల ఉంటయి, కాళ్లు పనిల ఉంటయి, కండ్లు పోగు మీద ఉంటయి. ఖాళీగ ఉండేటియి చెవులే. గందుకని మా దిక్కు మగ్గం గుంజకు రేడియో వేలాడుతనే ఉంటది. నా మగ్గం గుంజకు మూడు రేడియోలు వేలాడి ముసలియై పోయినయి. వార్తలు ఇన్నం, నాటకాలు ఇన్నం, క్రికెట్ ఇన్నం, పొలాలకు మందులెట్ల కొట్టాల్నో గూడ ఇన్నం, పొలం లేకున్నా. గన్నేండ్లల్ల మా మాట రేడియోల ఎన్నడన్న వచ్చిందంటే నాటకంల దొంగోని నోట్ల, లేకుంటే తాగుబోతోని నోట్ల. వాడు నోరు తెరిస్తే అందరు నవ్వాలె. నా మగ్గం కాడ నేను గూడ నవ్విన, ఏం జెయ్యాలె. గా నవ్వు నేను ఇంకా మర్వలే.

మా మనుమరాలు పేరు ఇచ్చింది. రేడియో మేడం చిన్న వయసుదే, మా పిల్లకు అక్కలెక్క ఉంటది. ఆమె నేర్పినయి చూస్తే నాకే ఇచ్చంత్రమైంది. ఇంట్ల గోడల నుంచి మాట తిరిగి రావద్దంటే బొంత కప్పుకొని మాట్లాడాల్నంట. మా పిల్ల వాళ్ల బాపు ఫోను పట్టుకొని, ఎండకాలంల, బొంత కింద దూరేది. పక్కింటామె చూసి "పిల్లకు సలి జరం వచ్చిందా అక్కా" అని అడిగింది. "లేదు, రేడియో జరం" అన్న.

ఇంకోటి నేర్పింది ఆమె. అది నాకు మస్తు నచ్చింది. మనిషిని ఒక్క మాట అడగాలె, అడిగినంక నోరు మూసుకొని ఆగాలె. వాళ్లు చెప్పకుంటే మల్ల అడగొద్దు. ఆగాలె. మా పిల్ల నా మీదనే మొదలు అది చేసి చూసింది. "అవ్వా, నీకు యాది ఉన్న మొట్టమొదటి సప్పుడేంది" అని అడిగి, మోకాళ్ల మీద గదుమ పెట్టుకొని కూసుంది. నేను ఏం యాదికి లేదన్న. అది లేవలే. నేను నూలు సర్దుకున్న, ఆకు నమిలిన. అది లేవలే. ఆఖరుకు నా నోట్లకెల్లి దానంతట అదే వచ్చింది. మా అమ్మ మగ్గం పక్కన తొట్టెలల నన్ను పండుకోబెట్టేది. అడ్డం పోగు మోసే నాడె ఇటు నుంచి అటు ఉరికినప్పుడల్ల తొట్టెల తాడు జరంత వణికేది. గా వణుకుడు నాకు యాది ఉన్నది. నేను ఎవ్వరికి చెప్పలే గా ముచ్చట. ఎవ్వరు అడగలే గద.

దాని దోస్తు ఒక పిల్ల ఉండేది. వాళ్లమ్మ చౌటుప్పల్ దిక్కు మందుల కంపెనీకి బస్సుల పోతది. గా పిల్ల వాళ్లమ్మను "నీ చేతులు గట్ల ఎందుకు వాసనొస్తయి" అని అడిగి, ఆగిందంట. తల్లి పని ఏందో, పొద్దంత ఏం మోస్తదో పిల్లకు గప్పుడు తెలిసింది. బడిల గిట్ల అడుగుడు ఎన్నడు నేర్పుతరు? సారు అడుగుతడు, పిల్లలు చెప్పాలె. గదీ బడి. గీ రేడియో వచ్చి దాన్ని తిరగేసింది.

మొదటి కార్యక్రమం "మా ఇంటి పని". ఒక్కొక్క పిల్ల వాళ్ల ఇంట్ల పని గురించి చెప్పాలె. మా పిల్ల బొంత కింద చెప్పింది నేను బయట కూసొని ఇన్న. గిట్ల చెప్పింది:

"మా ఇంట్ల నలుగురం ఉంటం. మా అవ్వ పొద్దుగాల లేస్తది. లేసి ఆసు పోస్తది. మా బాపు పేక ఏస్తడు. పేక లేనిది మా ఇంట్ల పొయ్యి ఎలగదు. అంబటాల్లయితె అందరం కలిసి తింటం. తిన్నంక మల్ల పేకకే కూసుంటం."

ఆసంటే మీకు తెల్వకుంటే చెప్త. అరచందమామ లెక్క మేకులు కొట్టిన చెక్క ఉంటది. నడుమల ఒక మేకు, చుట్టు మేకులు. నూలు చేతుల పట్టుకొని నడుమ మేకు నుంచి చుట్టు మేకులకు తిప్పుకుంట పోవాలె. కిందికి మీదికి, కిందికి మీదికి, చెయ్యి ఊగుతనే ఉండాలె. అది ఆసు పోసుడు. అట్ల పోసిన నూలుకు రంగులద్ది మగ్గం మీద అడ్డం నేస్తరు. గా అడ్డం పోగే పేక. మా బజార్ల పాలు తాగే పోరగానికి గూడ తెలిసిన మాటలు.

ఆదివారం వచ్చింది. నా కొడుకు మగ్గం ఆపి, గుంజకున్న రేడియో సప్పుడు పెంచిండు. కోడలు పొయ్యి కాడి నుంచి లేసొచ్చింది. పక్కింటోళ్లు, ఎదురింటోళ్లు మా అరుగు మీదికి వచ్చిండ్రు. మందుల కంపెనీకి పోయే తల్లి బిడ్డ మాటలు మంచిగ వచ్చినయి. ఇగ మా పిల్ల గొంతు వచ్చింది. కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మా ఇంట్ల నలుగురం ఉంటం. మా అవ్వ పొద్దుగాల లేస్తది."

అంతే. మ్యూజిక్ వచ్చింది. మ్యూజిక్ అయినంక వేరే పిల్ల.

నేను లేసుడే అయింది. లేసి ఏం జేసిన్నో లోకానికి తెల్వలే.

పక్కింటామె నా దిక్కు తిరిగి, "అక్కా, లేసి మల్ల పండుకున్నవా ఏంది" అన్నది. అరుగంత నవ్వు. మా పిల్ల లోపలికి పోయింది.

సోమవారం పెద్ద మేడం ఫోన్ చేసి నా కొడుకును బడికి రమ్మన్నది. పోయి వచ్చిండు. చెప్పులు ఇడిసిండు. మగ్గం గుంజ కాడికి పోయి రేడియో తాడు ఇప్పిండు. రేడియోను తీసుకపోయి అటక మీద పెట్టిండు. "రేపటి నుంచి రేడియో గీడియో బంద్. పిల్ల బడికి పోతె సదువుకే పోవాలె" అన్నడు. మగ్గంల కూసున్నడు.

మా పిల్ల ఏడువలే. మగ్గం పక్కన కూసొని "బాపు, ఏమైంది" అని అడిగింది. అడిగి ఆగింది. వాడు నేస్తుండు. అది ఆగింది. చానా సేపటికి వాడు నాడె చేతుల పట్టుకొనే అన్నడు: "మన ఇంట్ల జూదమాడతరని నువ్వు చెప్పినవంట. రేడియోలున్నోళ్లు గా ముక్క తీసేసి బడికి ఫోన్ చేసిండ్రు. పది మంది సార్ల నడుమ మేడం నన్నడిగింది. ఇంట్ల పిల్లలుండంగ పేకాట ఎందుకు నాయనా అని."

పిల్ల ఒక్క నిమిషం అర్థం గాక చూసింది. తరువాత "పేకనా? మన పేకనా బాపు" అని నవ్వుడు షురూ చేసింది. కోడలు గూడ నవ్వింది. మా దిక్కు పత్తాలాట అంటరు గద, పేకాట అని ఎవ్వరంటరు? పట్నంల రేడియోల కూసొని మా ముక్కలు అతికే సారుకు మా ఆసు ముక్కల్ల ఉండే ఆసు లెక్క, మా పేక జూదగాళ్ల పేక లెక్క ఇనవడ్డది. మా అవ్వ పొద్దుగాల లేసి ఆసులు ఏస్తది, మా బాపు తిన్నంక మల్ల ముక్కలకే కూసుంటడు. గట్ల ఇంటే ఎవ్వడైనా పరేశానైతడు, నిజం చెప్పాలంటె. నేను గూడ నవ్వుదును.

నవ్వలే. నా కొడుకు మొఖం చూసిన.

"మరి నువ్వు చెప్పలేదా కొడుకా, మన పేక వేరని?"

"నోరు రాలే అవ్వా" అన్నడు.

ఎందుకు రాలేదో నాకు తెలుసు. మా బజారుకు తెలుసు. వాళ్ల బాపు, అంటే మా ముసలాయన, పత్తాలాటల మగ్గం పోగొట్టిండు. పన్నె, నాడె, గుంజలు, అన్ని ఒక్క దినం బండెక్కి పోయినయి. నేను కూలికి ఆసు పోసి పిల్లగాన్ని సాకిన. వాడు పెద్దగై మల్ల మగ్గం నిలబెట్టుకున్నడు. పండుగ పూట గూడ పత్తాలు ముట్టడు. పెండ్లిల్ల మొగోళ్లందరు సాప పరుచుకొని కూసుంటే వీడు వంటోళ్లకు ఉల్లిగడ్డ కోసిస్తడు. అట్లాంటి వానిని పది మంది నడుమ గా మాట అడిగితే, అది వేరే పేక అని చెప్పేటందుకు గొంతు ఎట్ల లేస్తది.

ఇగ మా బజారు ఊకుంటదా. ఎదురింటి మగ్గమాయన నా కొడుకుకు వరసకు బావమరిది. పొద్దుగాల పండ్ల పుల్ల నముల్కుంట నిలబడి, "ఏం బావా, రాజొచ్చిందా రాణొచ్చిందా ఇయ్యాల" అన్నడు. ఇంకోడు "మాక్కూడ ఒక చెయ్యి వెయ్యి బావా" అన్నడు. వాళ్లది సరసమే, కడుపుల ఏం లేదు. కానీ మా వాడు ఇంట్ల తల దించుకొని నేస్తుంటే, రేడియో లేని మగ్గం సప్పుడు ఎట్లుంటదో నేను ఇన్న. ఒట్టి కట్టె సప్పుడు.

నేను శనివారం దాక ఆగిన. రేడియో మేడం వచ్చే రోజు. మంచి చీర కట్టుకున్న, మా కొడుకు నేసిందే. పిల్ల చెయ్యి పట్టుకొని బడికి పోయిన.

పెద్ద మేడం కుర్చీ చూపిస్తే కూసున్న. "మేడం, మా ఇంట్ల పేక ఉన్నది. గిప్పుడు నా ఒంటి మీద గూడ ఉన్నది" అని చీర కొంగు పట్టుకొని చెప్పిన, అడ్డం పోగు పేక, నిలువు పోగు పడుగు అని. ఆమెకు సమజయ్యేటందుకు టైం పట్టలే. రెండు చేతులు జోడించి, "అయ్యో, మీ అబ్బాయిని ఎంత మాట అన్నాను" అన్నది. రేడియో మేడం అయితే మొఖం ఎర్రగ చేసుకొని, పట్నంల ఉన్న సారుకు అప్పుడే ఫోన్ కలిపి అందరికి ఇనవడేటట్టు బల్ల మీద పెట్టింది.

గా సారు గూడ చెడ్డోడేం గాదు. "తప్పు మాదే అమ్మా, కాదనను" అన్నడు. "మళ్ళీ రికార్డు చేసి పంపండి, మొత్తం వేస్తాం. కాకపోతే ఆ రెండు మాటలు తీసేయండి. 'మా నాయనమ్మ నూలు సిద్ధం చేస్తుంది, మా నాన్న బట్ట నేస్తారు' అంటే సరిపోతుంది. ఎక్కడివాళ్ళు విన్నా అర్థం కావాలి కదా."

"అంతే కదమ్మా, రెండు మాటలేగా" అన్నది పెద్ద మేడం.

"నాకు చేతులు గూడ రెండే మేడం" అన్న నేను.

ఆమె నా దిక్కు వంగి సప్పుడు తగ్గించి చెప్పింది. ఒప్పందం ఈ ఒక్క యేటికే రాసుకున్నరంట. మల్ల యేడు ఉంటదో లేదో తెల్వదు. కొట్లాట పెట్టుకుంటే మిగిలిన పిల్లల నోట్ల మన్ను కొట్టినట్టైతదని ఆమె భయం. గా భయం ఒట్టిది గాదు. కంపెనీ తల్లి బిడ్డ యాదికొచ్చింది నాకు. కుర్చీ చెయ్యి పట్టుకొని కూసున్న.

అప్పుడు మా పిల్ల ఫోను కాడికి జరిగింది.

"సార్, క్రికెట్ల సిల్లీ మిడాన్ అంటరు గద. మా బాపు మగ్గం మీద ఎన్నో ఏండ్ల నుంచి ఇంటుండు. గా మాటకు అర్థం మాకెవ్వరు చెప్పలే. అయినా మేము రేడియో బంద్ చెయ్యలే. ఇన్నం."

"వింటూ ఉంటే అర్థమైందా?" అన్నడు సారు.

"కాలే సార్. అయినా ఇంటున్నం."

ఫోన్ల నవ్వు ఇనవడ్డది. సారు ఒక్కడే గాదు, ఆయన పక్కన ఇంకెవరో గూడ నవ్విండ్రు. అది నవ్వకుండ నిలబడ్డది. "మా మాట గూడ గట్లనే జర ఇనుండ్రి సార్. నేను నూలు సిద్ధం చేస్తుంది అని చెప్తె, మా అవ్వ ఎవ్వరి అవ్వనో నాకే తెల్వదు" అన్నది.

సారు నవ్వు ఆపిండు. తరువాత, "సరే, నీ మాటలు నీవే. తీయొద్దు. కానీ వినేవాడికి అవి పేకముక్కలు కావని తెలియాలి. తెలిసేలా చేసే పూచీ నీది. తెలియకపోతే మాత్రం మళ్ళీ కత్తిరిస్తాను" అన్నడు.

"తెలిసేటట్టు చేస్త సార్" అన్నది. చేతులు ఎనుకకు పెట్టుకొని ఉన్నది. గా వేళ్లతోని జడ కొస మెలిపెడుతుంటే నేను ఎనుక నుంచి చూసిన.

ఇంటికొచ్చి నా కొడుకుకు చెప్పినం. వచ్చే శనివారం రేడియో మేడం మన ఇంటికే వస్తది, ఇక్కడనే రికార్డు చేస్తది అని. వాడు ఔ అనలే, కాదనలే. కండె మార్చుకున్నడు, నేసిండు. బంద్ అన్నోడు బంద్ అనే మాట మల్ల అనలే, గంతనే. కోడలు కండ్లతోని నన్ను అడిగింది, నేను కండ్లతోనే ఊకో అన్న.

శనివారం మేడం వచ్చింది. పెద్ద మైకు తెచ్చింది, దానికి పిల్లి తోక లెక్క బొచ్చు ఉన్నది. ఇంట్లకు రాంగనే చెవులకు డిప్పలు పెట్టుకొని ఇని, "అవ్వా, చప్పుడు చాలా ఉంది. ఒక పది నిమిషాలు వీధిలో మగ్గాలన్నీ ఆపించగలమా?" అన్నది.

కోడలు చేతుల చాయ గిలాస ఆగిపోయింది. ఆమెకు తెల్వదు గద, పట్నం పిల్ల. మా బజార్ల మగ్గాలన్ని ఒక్కసారి ఆగినయంటే ఎవరింట్లనో పీనుగ లేసినట్టు. సావుకే ఆగుతయి గవి. బతికున్నోళ్ల కోసం ఆగయి.

"బిడ్డా" అన్న, "మగ్గాలు ఆగేది లేదు. గీ సప్పుడు పక్కకు పెట్టి మా మాట తీసుకపోతనంటె, మల్ల సగమే తీసుకపోయినట్టు. గిప్పటి దాక సగమే పోయింది. గీసారి సప్పుడుతోనే పోనీ."

ఎందుకు ఆపమో గూడ చెప్పిన. ఆమె చెవులకున్నయి తీసి ఇన్నది. మల్ల పెట్టుకున్నది. "అయితే సప్పుడునే ముందు పెడదాం" అన్నది. సప్పుడు అన్నది, చప్పుడు అనలే. నేను ఇన్న.

మా పిల్ల మైకు పట్టుకొని నా పక్కకు వచ్చింది. నేను ఆసు పోస్తున్న. నూలు మేకులను రాసుకుంట పోతుంటే సర్రు సర్రుమంటది. మైకును నా చేతి ఎంట తిప్పింది, కిందికి, మీదికి. సప్పుడు మంచిగ ఎక్కనిచ్చింది. తరువాత అన్నది: "గిది మా అవ్వ చెయ్యి. గీ సప్పుడు పేరు ఆసు."

అంతే చెప్పింది. నూలు సిద్ధం చేసుడు గీసుడు ఏం చెప్పలే.

మల్ల లేసి మగ్గం గుంత ఒడ్డుకు పోయి కూసుంది. మైకు నాడె కాడ పెట్టింది. టక్కున కొడుతది, ఉరుకుతది, టక్కున కొడుతది. "బాపు, గీ సప్పుడేంది" అని అడిగింది.

వాడు నేస్తుండు.

అది ఆగింది. నాడె పోయింది, వచ్చింది. మేడం చెయ్యి ఊపి, చాలు, ఆపు అన్నట్టు చూపించింది. పిల్ల ఎడమ చెయ్యి లేపి, అరచెయ్యి మేడం దిక్కు పెట్టింది. ఆగు అని. నేర్పిన ఆమెకే నేర్పింది పిల్ల. నా చెయ్యి ఆసు మీద ఆగింది. వాడు చెప్పకుంటే సారు కత్తిరిస్తడు. చెప్పుమని నేను అనొద్దు. వాని నోరు వానిది.

"గిది పేక" అన్నడు. తల లేపలే. "అడ్డం పోయే పోగు. నాడె ఒక్కసారి పోతె ఒక్క పోగు వడుతది."

మల్ల నేసిండు. పిల్ల కదలలే.

"పట్నంల పేకంటె పత్తాలనుకున్నరంట. మా బాపు పత్తాలాడిండు. మగ్గం పోగొట్టిండు. మా అవ్వ కూలికి ఆసు పోసి నన్ను సాకింది. నేను గా ఆట ఆడలే. గీ పేకనే ఏస్తున్న."

నా ఇంటి ముచ్చట, నేను కొంగు కింద దాచిపెట్టుకున్న ముచ్చట, మైకుల పోతాంది. ఆపుమంటే ఆపుతడు. నా నోటిదాక వచ్చింది. మింగిన. చెప్పనీ అనుకున్న. మంది చెప్తే పరువు పోతది. మనమే చెప్తే మంది చెప్పేటందుకు ఏం మిగులుతది.

"గా ఆటల ఒకడు గెలుస్తడు, ఒకడు ఓడతడు" అన్నడు నా కొడుకు. "గీ దాంట్ల కట్టుకున్నోళ్లు గెలుస్తరు, అమ్ముకున్నోళ్లు గెలుస్తరు. నేసినోడు ఇంకా గెలువలే." నాడె అటు పోయింది. "ఆట మాత్రం ఇడ్వలే."

మేడం మైకు బంద్ చేసినంక గూడ చానా సేపు చెవులకున్నయి తియ్యలే. చాయ సల్లారిపోయింది. కోడలు మల్ల ఉడుకు చేసి ఇచ్చింది.

ఆదివారం పొద్దుగాల నేను లేసేసరికి రేడియో మగ్గం గుంజకు వేలాడుతున్నది. ఎవ్వరు కట్టిండ్రని నేను అడగలే. తాడు ముడి చూస్తె తెలుస్తది, పోగు తెగితే వేసే ముడి అది, మగ్గమోళ్లదే.

ఈసారి నా కొడుకు మగ్గం ఆపలే. నేసుకుంటనే ఇన్నడు. మా బజార్ల ఎవ్వరు ఆపలే. మొదలు ఆసు సప్పుడు వచ్చింది, తరువాత పిల్ల గొంతు, తరువాత నాడె. రేడియోల నాడె కొడుతాంది, ఇంట్ల నాడె కొడుతాంది, ఎదురింట్ల నాడె కొడుతాంది. ఏది రేడియోలదో ఏది బజారుదో తెల్వకుంట కలిసిపోయినయి. గా నడుమల నా కొడుకు మాట. ఒక్క ముక్క కత్తిరించలే. పత్తాలు, ఆసు, పేక, పోగొట్టింది, సాకింది, అన్ని ఉన్నయి. ఆఖరికి "ఆట మాత్రం ఇడ్వలే" అన్నంక మ్యూజిక్ గూడ వెయ్యలే ఆ సారు. మగ్గం సప్పుడునే కొంచెం సేపు పోనిచ్చిండు.

పక్కింటామె గడప కాడ నిలబడి, "అక్కా, ఇయ్యాల లేసి పని గూడ చేసినవే" అన్నది. ఎదురింటాయన రాజు రాణి అని ఏం అనలే. పిల్ల ఫోన్ల అన్న మాట బజారంత పాకింది గద. వచ్చి మగ్గం కాడ కూసొని, "బావా, సిల్లీ మిడాన్ అంటే ఏందో నీకన్న తెల్సా" అన్నడు. నా కొడుకు నవ్విండు. రెండు వారాల తరువాత నవ్విండు.

ఒప్పందం మల్ల యేడు గూడ నడిచింది. గా తరువాత రేడియో వాళ్లకేదో మారింది, శనివారాలు ఆగిపోయినయి. మైకు వాళ్లది, తీసుకపోయిండ్రు. అడిగి ఆగుడు మాత్రం తీసుకపోలే. మా మనుమరాలు గిప్పుడు నల్లగొండల డిగ్రీ సదువుతాంది. మాది "పొద్దుగాల" అంటే హాస్టల్ల ఒక పిల్ల నవ్విందంట. మాది కొట్లాడలే. "ఎందుకు నవ్వినవ్" అని ఒక్క మాట అడిగి, ఆగిందంట. గా పిల్లనే మెల్లగ పొద్దుగాల అనుడు నేర్చుకున్నదంట.

పిల్లల ఉచ్చారణ బాగుపడతది అన్నరు గద మొదలు మీటింగుల. బాగుపడ్డది. పిల్లలది గాదు, రేడియోది.

ఇగ లేవుండ్రి, పొద్దు వాలింది. మీ ఇంట్ల పడుగు తెగకుండ, పేకకు కొదువ లేకుండ ఉండాలె. మీ పిల్లలు ఏమన్న అడిగితే మీ నోటికి మాట రావాలె, వచ్చేదాక ఆగే ఓపిక వాళ్లకుండాలె. మీ మాట ఎవ్వడు కత్తిరించకుండ మీ గొంతు మీ దగ్గరనే ఉండాలె. మీ పొయ్యి ఎలుగుతనే ఉండాలె. పైలంగ పోయి రాండ్రి.